కాలినడకన ఖడ్గమృగ సందర్శనం: ఒక విమర్శ

"సఫారీ" అనే మాట ఈ రోజులలో మన పత్రికలలో తరచు కనబడుతున్నది. ఇది తూర్పు ఆఫ్రికాలో వ్యవహారంలో ఉన్న స్వాహిలీ భాషలోని మాట. దీనికి మూలం అరబ్బీలోని "సఫర్". ఉర్దూ పరిచయమున్న తెలంగాణ పాఠకులకు సఫర్ అంటే ప్రయాణమని వేరే చెప్పనక్కరలేదు. ప్రయాణమనే సామాన్యార్థం గల ఈ మాట ఐరోపావారి వేటల కాలంలో వేటయాత్ర అయినది. తుపాకి స్థానంలో కెమేరా వచ్చిన తరువాత వన్యమృగ సందర్శనం అయినది. ఇప్పుడు దానిలోనే మరొక భేదం ప్రచారంలోకి వచ్చినది. వాహనం దిగి, మార్గదర్శకుని వెంట కాలినడకన అడవిలో ప్రవేశించి, పెద్ద జంతువులను వాటి నెలవులలోనే చూచి రావటం ఈ కొత్త పద్ధతి. నేపాలులోని చిత్వన్‌లోను, దక్షిణాఫ్రికాలోని ఉంఫోలోజీలోను, నమీబియా ఎడారి ప్రాంతంలోను, ఉగాండాలోని జీవా సంరక్షణ క్షేత్రంలోను ఖడ్గమృగాన్ని చూడటానికి ఇటువంటి నడకలు జరుగుతున్నవి.

ఈ నడకలను గురించిన ప్రకటనలలో సాధారణంగా మూడు మాటలు ఉంటవి. మొదటిది: వాహనపు రొద లేదు కనుక జంతువును దాని సహజస్థితిలో చూడవచ్చును. రెండవది: అనుభవజ్ఞుడైన మార్గదర్శకుడు వెంట ఉంటాడు కనుక భయపడవలసిన పని లేదు. మూడవది: మీరు చెల్లించే రుసుమే ఖడ్గమృగాన్ని కాపాడుతుంది. వినటానికి మూడును బాగున్నవి. కాని విజ్ఞానశాస్త్రం చదువుకొనే మనము వినటానికి బాగున్న మాటను కూడ పరీక్షించి చూడవలసి ఉన్నది. ఆ పరీక్షయే ఈ వ్యాసం ఉద్దేశం. నడకను నిందించాలని కాదు. దానిలో నిజమెంత, అతిశయోక్తి ఎంత అని తూచి చూడాలని.

ఈ పరీక్ష ఎందుకు అవసరమో సంఖ్యలే చెపుతవి. ప్రపంచంలో ఇప్పుడు ఖడ్గమృగాలు ఐదు జాతులవి మిగిలి ఉన్నవి. ఆఫ్రికాలో తెల్లది, నల్లది. ఆసియాలో భారతదేశపు ఒంటికొమ్ముది, జావాది, సుమత్రాది. అన్నీ కలిపి సుమారు 27,000 మాత్రమే. 1960 ప్రాంతంలో నల్ల ఖడ్గమృగాలే లక్ష దాకా ఉండేవని అంచనా. 1995 నాటికి అవి 2,500 కంటె తగ్గినవి. తరువాత కొంత కోలుకొని ఇప్పుడు ఆరువేలు దాటినవి. జావా ఖడ్గమృగాలు యాభై ప్రాంతంలో ఉన్నవి. తెల్ల ఖడ్గమృగంలో ఉత్తరపు తెగకు చివరి మగజంతువు 2018 మార్చి 19న కెన్యాలో చనిపోయినది. ఆ తెగలో ఇక రెండు ఆడజంతువులే మిగిలినవి. ఇట్టి స్థితిలో ఉన్న జంతువు దగ్గరకు మనిషి నడిచి వెళ్లవచ్చునా, వెళ్లితే ఎట్లా వెళ్లవలెను అన్న ప్రశ్న వినోదానికి సంబంధించినది మాత్రమే కాదు.

మన ప్రాంతానికి ఈ జంతువుతో సంబంధం లేదని కూడ అనుకోరాదు. ఇప్పటి నంద్యాల జిల్లాలో బేతంచెర్ల సమీపాన బిల్లసర్గం గుహలు ఉన్నవి. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అక్కడ త్రవ్వకాలు జరిపించినప్పుడు అనేక జంతువుల ఎముకలు బయటపడినవి. వాటిని పరిశీలించిన రిచర్డ్ లైడెక్కర్ 1886లో ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరుమీదనే శాస్త్రీయనామం పెట్టాడు. రాయలసీమ నేలమీద ఒకనాడు ఖడ్గమృగం తిరిగినదని ఆ ఎముకలు సాక్ష్యమిస్తున్నవి. ఒక ప్రాంతంలో నశించిన జంతువు ఎముకల రూపంలో తప్ప మరల కనబడదనే పాఠం మన గుహలలోనే ఉన్నది.

సహజస్థితి అనే మాట

ఇక మొదటి మాటకు వద్దాము. ఖడ్గమృగానికి చూపు తక్కువ. కదలకుండా నిలబడిన మనిషిని అది ముప్పై మీటర్ల దూరం నుంచి కూడ గుర్తించటం కష్టం. కాని దాని చెవులు వేర్వేరుగా అన్ని వైపులకు తిరుగుతవి. వాసన పట్టే శక్తి మరింత గొప్పది. అందుచేత మార్గదర్శకులు గాలి వీచే దిశను చూచుకొని నడిపిస్తారు. ఆఫ్రికాలో కొందరు చిన్న గుడ్డసంచిలో మెత్తని బూడిద పోసుకొని, అప్పుడప్పుడు దులిపి, అది ఎటు కొట్టుకొని పోతున్నదో చూస్తారు. గాలి జంతువు వైపునుంచి మన వైపుకు వస్తుంటే మన వాసన దానికి అందదు. సాధనం అతి స్వల్పం. దాని వెనుక ఉన్న శాస్త్రం నిర్దుష్టం.

అయితే ఇంత జాగ్రత్త పడినా మనము జంతువుకు తెలియకుండా దాని దగ్గరకు చేరగలుగుతున్నామా? ఈ ప్రశ్నకు దక్షిణాఫ్రికాలోని హ్లుహ్లువే-ఉంఫోలోజీ క్షేత్రంలో జరిగిన పరిశోధన చక్కని సమాధానం ఇస్తున్నది. రోన్ ప్లాట్జ్, వేన్ లింక్‌లేటర్ అనే శాస్త్రజ్ఞులు దాని ఫలితాలను 2020లో ప్రకటించారు. ఆఫ్రికాలో పెద్ద జంతువుల వీపులమీద వాలి పేలను, గోమార్లను ఏరుకొని తినే ఆక్స్‌పెకర్ అనే పక్షి ఉన్నది. మన గేదెలమీద గోరువంకలు వాలినట్లే. స్వాహిలీలో దీనిని "అస్కరీ వా కిఫారు" అంటారు. అనగా ఖడ్గమృగపు కావలివాడు. ఈ పేరులో నిజమెంత ఉన్నదో వారు ప్రయోగం ద్వారా చూచారు. ఒక మనిషి గాలికి అడ్డంగా, అంటే ఒక ప్రక్కనుంచి, నల్ల ఖడ్గమృగం వైపుకు మెల్లగా నడచి వెళ్లటమే ప్రయోగం. వీపున పక్షి లేని ఖడ్గమృగాలు మనిషి రాకను నూటికి 23 సార్లు మాత్రమే గుర్తించినవి. పక్షి ఉన్నవి ప్రతిసారి గుర్తించినవి. అదియును సగటున 61 మీటర్ల దూరంనుంచే. పక్షులు ఎక్కువైన కొలది ఈ దూరం పెరిగినది. ఒక్కొక్క పక్షికి సుమారు తొమ్మిది మీటర్ల చొప్పున.

మరొక విశేషం గమనించదగినది. పక్షి అరవగానే ఖడ్గమృగం మనిషి ఉన్న వైపుకు తిరగలేదు. గాలి తనను దాటి పోయే దిశకు ముఖం త్రిప్పినది. ఎందుకు? ఆ దిశలో ఉన్నదాని వాసన దానికి రాదు. తెలివిగల వేటగాడు వచ్చేది ఆ వైపునుంచే. పక్షి "అపాయం" అని మాత్రమే చెప్పగలిగినది. ఎటునుంచి అన్నది ఖడ్గమృగం తన అనుభవం మీద ఊహించుకొన్నది. తరతరాలుగా మనిషి వేటాడుతూ వచ్చిన జంతువు నేర్చుకొన్న పాఠం ఇది.

ఈ ప్రయోగంనుంచి నడక సఫారీలకు వర్తించే విషయాలు రెండు ఉన్నవి. ఒకటి: మనము నిశ్శబ్దంగా నడిచామనుకొన్నా మన రాక జంతువుకు తెలియవచ్చును. తెలిసిన తరువాత అది మేత మాని, తల ఎత్తి, చెవులు నిక్కించి నిలబడితే, మనము చూస్తున్నది సహజస్థితి కాదు. మన రాకకు అది ఇస్తున్న ప్రత్యుత్తరం. రెండవది ఇంకను ముఖ్యమైనది. కావలి పక్షి గల ఖడ్గమృగాలు మనకు కనబడక మునుపే తప్పుకొనిపోతవి. కనుక నడకలో మనకు కనబడేవి అన్ని రకాల ఖడ్గమృగాలకు ప్రతినిధులు కావు. పక్షి తోడు లేనివి, లేక మనుషులకు అలవాటుపడినవి ఎక్కువగా కనబడతవి. మనకు కనబడిన వాటిని మాత్రమే చూచి "ఖడ్గమృగం ఇట్లా ఉంటుంది" అని నిర్ణయించటం, పాఠశాలకు వచ్చిన పిల్లలను మాత్రమే అడిగి ఊరిలో అందరును బడికి పోతున్నారని నిర్ణయించటం వంటిది. ఉపాధ్యాయులు నమూనా దోషాన్ని బోధించటానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకటం కష్టం.

అలవాటుపడటమును కూడ మంచి లక్షణంగా ప్రకటనలు వర్ణిస్తవి. చిత్వన్ అంచున ఉన్న సౌరాహా గ్రామపు వీధులలోకి ఒక్కొక్కప్పుడు ఖడ్గమృగం నడచి వస్తుంది. చూచేవారికి అది ముచ్చట. కాని మనిషి వాసనకు బెదరని జంతువుకు సందర్శకుడు ఒకటే, దొంగవేటగాడు ఒకటే. జంతువుకు గల బెదురు దాని కవచం. చర్మం ఎంత మందమైనా అది తుపాకిగుండును ఆపలేదు. బెదురు మాత్రం గుండు పేలక ముందే దానిని తప్పించగలదు. ఆ కవచాన్ని మన వినోదం కొరకు ఊడదీయటం న్యాయమేనా అని ప్రశ్నించవలసి ఉన్నది.

"వన్యస్థితి" అనే మాట కూడ ఒక్కొక్క చోట ఒక్కొక్క అర్థంలో వాడబడుతున్నది. ఉగాండాలో 1980లలోనే ఖడ్గమృగాలు పూర్తిగా నశించినవి. జీవాలో సుమారు 70 చదరపు కిలోమీటర్ల నేలకు కంచె కట్టి, 2005 నుంచి కెన్యాలోను అమెరికాలోను సేకరించిన తెల్ల ఖడ్గమృగాలను అక్కడ పెంచారు. 2009లో అక్కడ పుట్టిన మొదటి దూడకు తండ్రి కెన్యానుంచి, తల్లి అమెరికానుంచి వచ్చినవి కావటంచేత దానికి ఒబామా అని పేరు పెట్టారు. ఈ కృషి మెచ్చదగినదే. కాని రాత్రింబగళ్లు కావలి నడుమ, కంచెలో ఉన్న జంతువును చూచి రావటాన్ని వన్యస్థితిలో సందర్శనమని అనటం భాషకు న్యాయం కాదు. సంరక్షణ క్షేత్రమని చెప్పితే దాని గౌరవం తగ్గదు.

భయం లేదనే మాట

రెండవ మాటకు చిత్వన్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చును. ఒంటికొమ్ము ఖడ్గమృగం మగది రెండువేల కిలోగ్రాములు తూగుతుంది. ఎత్తైన ఏనుగుగడ్డిలో పది అడుగుల దూరంలో ఉన్నా కనబడకపోవచ్చును. అక్కడి నిబంధనల ప్రకారం నడకకు కనీసం ఇద్దరు మార్గదర్శకులు ఉండవలెను. ఒకరు ముందు, ఒకరు వెనుక. వారి చేతులలో తుపాకులు ఉండవు, వెదురుకర్రలే ఉంటవి. బయలుదేరే ముందు వారు చెప్పే సూచనలు ఇవి: ఖడ్గమృగం మీదికి వస్తే దగ్గరలోని చెట్టు ఎక్కవలెను, చెట్టు లేకపోతే వంకరటింకరగా పరుగెత్తవలెను, చేతిసంచియో, పైగుడ్డయో విసిరివేస్తే అది దానివద్ద ఆగవచ్చును.

ఈ సూచనలను లెక్క వేసి చూద్దాము. ఖడ్గమృగం గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. అంటే సెకనుకు సుమారు 11 మీటర్లు. అది యాభై మీటర్ల దూరంలో ఉండగా బయలుదేరినదనుకొంటే నాలుగున్నర సెకన్లలో మన స్థలానికి చేరుతుంది. ప్రమాదం గ్రహించటానికి మనకు ఒక సెకను పట్టితే మూడున్నర సెకన్లు మిగులుతవి. గడ్డిలో, బూట్లతో, సెకనుకు ఐదు మీటర్లు పరుగెత్తినా ఆ కాలంలో పోగలిగినది పదిహేడు మీటర్లు. కనుక చెట్టు పదిహేడు మీటర్ల లోపల ఉండవలెను. ఎక్కటానికి కొమ్మ అందుబాటులో ఉండవలెను. ఎక్కేవానికి చెట్లెక్కటం రావలెను. చలనశక్తిని కూడ విద్యార్థులు కట్టి చూడవచ్చును. రెండువేల కిలోగ్రాముల శరీరం ఆ వేగంలో లక్షా ఇరవైవేల జౌళ్లకు పైగా శక్తి కలిగి ఉంటుంది. అరవై కిలోగ్రాముల మనిషి సెకనుకు ఐదు మీటర్ల వేగంలో 750 జౌళ్లు మాత్రమే. అంత బరువైన జంతువు జడత్వం వలన త్వరగా మళ్లలేదనే తలంపుతోనే వంకరటింకర పరుగును చెపుతారు. కాని దాని స్థూలకాయాన్ని చూచి మోసపోరాదు. అది చాల చురుకుగా మళ్లగలదు. మరొక సంగతి: ఒంటికొమ్ముది శత్రువును గాయపరచేది ఎక్కువగా కొమ్ముతో కాదు, క్రింది దవడలోని పదునైన ముందుపళ్లతో.

కాబట్టి భయం లేదనటం నిజం కాదు. భయం తగినంత ఉన్నదనియు, దానిని తగ్గించే ఉపాయం ఉన్నదనియు అనటం నిజం. ఆ ఉపాయం పరుగు కాదు, దూరం. జంతువు మనవైపుకు రావలసిన అవసరమే కలగనంత దూరంలో ఆగిపోవటమే మార్గదర్శకుని విద్య. ఇక్కడనే ప్రకటనల వలన కలిగే కీడు బయటపడుతుంది. "తప్పక చూపిస్తాము" అని ముందే వాగ్దానం చేసి రుసుము తీసుకొన్న తరువాత, సందర్శకుడు ఇంకను దగ్గరకు, ఇంకను మంచి ఛాయాచిత్రం కొరకు అని తొందరపెడుతుంటే, అతని మెప్పుమీదను బహుమానంమీదను జీవనం గడుపుకొనే మార్గదర్శకుడు వద్దని ఎంతవరకు చెప్పగలడు? చిత్వన్ ప్రాంతంలో ఖడ్గమృగాల దాడిలో మార్గదర్శకులు చనిపోయిన సందర్భాలు ఉన్నవి. జంతువు మీదికి వచ్చినప్పుడు కర్రతో ముందు నిలబడవలసినది అతడే. మనము చూచే దృశ్యానికి గల నిజమైన వెలలో ఆ మనిషి ప్రాణంమీది అపాయం కూడ ఒక భాగం. ఏ రుసుముపట్టికలోను అది కనబడదు. అతనికి భీమా ఉన్నదా, వెనుకకు మరలమని ఆజ్ఞాపించే అధికారం అతనికి ఉన్నదా అని అడిగి తెలుసుకొనటం సందర్శకుని కనీసధర్మం.

రుసుము కాపాడుతుందనే మాట

మూడవ మాటలో సగం నిజం ఉన్నది. ఆ సగం ఎక్కడిదో చూడవలెను.

కాలినడక సఫారీ రూపొందిన చోట్లలో జాంబియాలోని లుయాంగ్వా లోయ ముఖ్యమైనది. నార్మన్ కార్ అనే అటవీ సంరక్షకుడు 1950 ప్రాంతంలో అక్కడ సందర్శకులకు ఏర్పాట్లు ఆరంభించి, స్థానిక ప్రజలకు దానిలో భాగమిచ్చి, తరువాత నడకలకు పేరు తెచ్చాడు. ఆ లోయలో 1970లలో కూడ నల్ల ఖడ్గమృగాలు వేలసంఖ్యలో ఉండేవి. కాని 1998 నాటికి జాంబియాలో ఒక్కటియును లేదని ప్రకటించవలసి వచ్చినది. నడకలు సాగుతూనే ఉన్నవి. ఖడ్గమృగాలు మాత్రం పోయినవి. 2003లో ఉత్తర లుయాంగ్వాకు మరల బయటినుంచి తెచ్చి వదలినారు. సందర్శకుడు వచ్చినంత మాత్రాన జంతువు దక్కదనటానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

చిత్వన్ కథ మరొక విధంగా ఉన్నది. మలేరియా నిర్మూలనం తరువాత వలసవచ్చినవారి సాగు పెరిగి, 1960ల చివరికి అక్కడ ఖడ్గమృగాలు వంద ప్రాంతానికి దిగినవి. వాటి కొరకు 1964లో వేలాది ప్రజలను ఆ నేలనుంచి తరలించారు. ఆ త్యాగం స్వచ్ఛందమైనది కాదని గుర్తుంచుకోవలెను. 1973లో జాతీయవనం ఏర్పడినది. సైన్యం కావలి కాచినది. 2000లో లెక్క 544కు పెరిగినది. అంతర్యుద్ధం ముదిరి కావలి శిబిరాలు తగ్గగానే 2005 నాటికి 372కు పడిపోయినది. శాంతి నెలకొని కావలి తిరిగి బలపడిన తరువాత 2011లో నేపాలులో ఒక్క ఖడ్గమృగం కూడ దొంగవేటకు బలి కాలేదు. 2021 లెక్కలో చిత్వన్‌లో 694, నేపాలు మొత్తంమీద 752 తేలినవి. ఈ అంకెలు పెరగటానికి, తగ్గటానికి మొదటి కారణం కావలి. దానికి తోడు, వనానికి వచ్చే ఆదాయంలో నూటికి 30 నుంచి 50 వంతులు చుట్టుప్రక్కల గ్రామాలకు ఇవ్వవలెనని నేపాలు చట్టం నిర్ణయించినది. సందర్శకుని రుసుము ఈ మార్గంలో గ్రామానికి చేరినప్పుడే ఖడ్గమృగం గ్రామస్థునికి పైరు మేసే పీడ మాత్రమే కాక బడికి గోడ కట్టించే ఆస్తియు అవుతుంది.

నమీబియా వాయవ్య ప్రాంతంలోని పద్ధతి వీటికంటె ముందడుగు వేసినదని చెప్పవచ్చును. 1980లలో గార్త్ ఓవెన్-స్మిత్ స్థానిక పెద్దల సమ్మతితో గ్రామస్థులనే వన్యమృగ రక్షకులుగా నియమింపజేశాడు. 1982లో ఖడ్గమృగ సంరక్షణ సంస్థ ఒకటి అక్కడ ఏర్పడి, జాడ తీయటంలో నేర్పరులను తయారుచేసినది. 1996 చట్టం గ్రామ సముదాయాలకు వన్యమృగాలమీద హక్కులు ఇచ్చినది. అక్కడి నడకలో మొదట బయలుదేరేది సందర్శకుడు కాదు, జాడలు తీసే రక్షకుడు. అతనికి అది రోజువారీ కావలి పని. ఏ జంతువు ఎక్కడ ఉన్నదో, ఎట్లా ఉన్నదో వ్రాసుకొంటాడు. సందర్శకుడు ఆ పనికి తోడు వెళ్లినవాడు మాత్రమే. సుమారు వంద మీటర్ల దూరంలో ఆగి, కొద్ది నిమిషాలు చూచి, మరలిపోతారు. ఎంత దూరంలో, ఎంతసేపు ఉంటే జంతువు కలతపడదో అక్కడ పరిశీలనల ద్వారా తేల్చి, వాటిమీదనే నియమాలను ఏర్పరచుకొన్నారు. నడకను మెచ్చుకొనటానికి ఇది సరియైన కారణం: అక్కడ చూడటం కావలిలో భాగం.

అయితే ఈ పద్ధతికి ఒక బలహీనత ఉన్నది. 2020లో కరోనా వ్యాధివలన ప్రయాణాలు ఆగిపోయినప్పుడు ఈ ఆదాయమంతయు ఒక్కసారిగా ఎండిపోయినది. కావలివాని జీతం పూర్తిగా సందర్శకుని మీద ఆధారపడరాదని ఆ ఏడు నేర్పినది.

కొమ్ము లేని ఖడ్గమృగం

సందర్శకుని కోరికకు, జంతువు అవసరానికి గల వైరుధ్యం కొమ్ము విషయంలో స్పష్టంగా కనబడుతుంది. కొమ్ము మన గోళ్ల వలె కెరటిన్ అనే పదార్థం. జీవకణాలున్న మొదలును వదలి పైభాగాన్ని కోసివేస్తే జంతువుకు నొప్పి ఉండదు, మరల పెరుగుతుంది. దొంగవేటగానికి మాత్రం ఆశ తగ్గుతుంది. దక్షిణాఫ్రికాలో 2014 ఒక్క సంవత్సరంలోనే 1,215 ఖడ్గమృగాలను చంపారు, 2024లో 420. క్రూగర్ పరిసరాలలోని పదకొండు క్షేత్రాలలో 2017 నుంచి 2023 వరకు జరిగినదానిని పరిశీలించి 2025లో ప్రకటించిన అధ్యయనం, కొమ్ములు కోసిన చోట దొంగవేట సగటున నూటికి 78 వంతులు తగ్గినదని తేల్చినది. దానికి అయిన ఖర్చు రక్షణ వ్యయం మొత్తంలో నూటికి ఒకటిన్నర వంతు కూడ లేదు. మిగిలిన మొదలు కొరకు చంపేవారు ఉన్నారు కనుక ఇది పూర్తి పరిష్కారం కాదు.

ఇప్పుడు వేల మైళ్ల దూరంనుంచి వచ్చి, ఎండలో మూడు గంటలు నడిచి, కొమ్ము లేని ఖడ్గమృగాన్ని చూచిన సందర్శకుడు నిరాశపడితే మనమేమనాలి? అతడు చూడవచ్చినది కొమ్మునా, జంతువునా అని అడగవలెను. ఆ మోడుకొమ్ములో మన కాలపు చరిత్ర ఉన్నది. అతడు దానిని చదవగలిగితే ప్రయాణం సార్థకం. అట్లే, చేతిఫోనులో తీసిన చిత్రంతోపాటు ఆ స్థలం గుర్తులు కూడ నమోదు అవుతవి. దానిని వెంటనే అందరికి పంపటమంటే దొంగకు దారి చూపటమే. అనేక క్షేత్రాలలో మార్గదర్శకులు ఫోనులో ఆ అమరికను తీసివేయించటం ఇందుకొరకే. కొమ్ములతో ఉన్న జంతువు చిత్రం కంటె ఆ జంతువు ముఖ్యమని నమ్మినవాడు ఈ నియమాన్ని భారంగా తలచడు.

నడక ఇచ్చే విద్య

ఇంతవరకు చెప్పినదానిని చూచి నడక దండుగ అని పాఠకులు అనుకోరాదు. నడకకు మాత్రమే సాధ్యమైన విద్య ఒకటి ఉన్నది. అయితే అది ఖడ్గమృగం కనబడక మునుపే లభిస్తుంది. 1950ల చివరి భాగంలో ఇయాన్ ప్లేయర్ దక్షిణాఫ్రికాలో అరణ్య నడకలను ఆరంభించినప్పుడు అతనికి గురువుగా నిలిచినవాడు మాగ్‌కుబు న్టొంబెలా అనే జూలూ జాతీయుడు. నేలను చదవటంలో అతడు అసమానుడు. ఆ నేల వర్ణమాలలో కొన్ని అక్షరాలను చెప్పుకొందాము. ఖడ్గమృగం అడుగుజాడలో మూడు వ్రేళ్లు ఉంటవి. నల్లది పొదలు మేస్తుంది. దాని పై పెదవి కొక్కెం వలె ఉంటుంది. అది కొరికిన రెమ్మ కత్తితో ఏటవాలుగా కోసినట్లు ఉంటుంది. పేడలో కూడ అట్టి ముక్కలే కనబడతవి. తెల్లదాని పెదవి వెడల్పు; పేడలో గడ్డిపోచలే ఉంటవి. అది ఒకే చోట పేడకుప్ప వేస్తుంది. ఆ కుప్ప దానికి ప్రకటనఫలకం వంటిది. వేసినది మగదా ఆడదా, వయస్సు ఏమిటి, ఆ నేలకు యజమానియా కాదా అన్న సంగతులు వాసన ద్వారా మిగిలినవాటికి తెలుస్తవని 2017లో ప్రకటించిన పరిశోధన నిరూపించినది. వాహనంలో పోయేవానికి ఇది పేడ, నడిచేవానికి పుస్తకం.

కనుక మన నిర్ణయం ఇది. ఖడ్గమృగాన్ని తప్పక చూపిస్తామనే నడక కంటె, అది కనబడకపోయినా నేర్చుకొనదగినది ఉన్న నడక మేలు. దగ్గరకు తీసుకొనిపోయే మార్గదర్శకుని కంటె దూరంలో ఆపగల మార్గదర్శకుడు ఉత్తముడు. రుసుము ఎంత అన్నదాని కంటె అది ఎవరికి చేరుతున్నది అన్నది ముఖ్యమైన ప్రశ్న. జంతువు తల ఎత్తకుండా మేస్తుండగానే మనము తిరిగి రాగలిగితే ఆ నడక విజయవంతం. అది పరుగెత్తి దుమ్ము రేపితే, ఛాయాచిత్రం ఎంత బాగా వచ్చినా ఆ నడక విఫలం.

ఈ విషయాన్ని పరీక్షించటానికి మన విద్యార్థులు ఆఫ్రికాకు పోనక్కరలేదు. ఊరి చెరువుగట్టున గుడ్డికొంగ ఎక్కడైనా ఉంటుంది. ఉపాధ్యాయుని వెంట నలుగురు విద్యార్థులు పోయి, ఒకరు మాత్రం మెల్లగా కొంగవైపుకు నడవవలెను. అది మెడ చాచి చూచినప్పుడు ఎంత దూరం, ఎగిరిపోయినప్పుడు ఎంత దూరం అని అడుగులతో కొలిచి వ్రాసుకోవలెను. రోజూ మనుషులు బట్టలు ఉతికే రేవు వద్దను, మనుషులు పోని మూల వద్దను వేర్వేరుగా కొలవవలెను. ఒంటి కొంగకు, గుంపుకు గల భేదం చూడవలెను. గూళ్లు కట్టే కాలంలో గూళ్ల దగ్గరకు పోరాదు. ఒక పక్షిని రోజుకు ఒక్కసారికంటె ఎక్కువ లేపరాదు. ఇట్లా పది రోజులు కొలిచి పట్టిక తయారుచేసినవాడు, జంతువు తల ఎత్తే దూరానికి, పారిపోయే దూరానికి మధ్య ఉన్న ఆ కొద్ది అడుగుల నేల విలువ తెలుసుకొంటాడు. ఆ నేలను త్రొక్కకుండా ఆగటం నేర్చినవాడే తరువాత ఎప్పుడైనా ఖడ్గమృగాన్ని చూడటానికి నడిచి వెళ్లటానికి అర్హుడు.